మూడు ఆదివారాలు ప్రకటన చదివిన మేడిద కరుణావతి గారు

2003 ఆగస్టు 18, సోమవారం ఉదయం తొమ్మిదింటికి శ్రీమతి మేడిద కరుణావతి గారు మిషిగన్‌లో నోవై ఊరి పక్కనున్న మన సెయింట్ ఫీబీ ఎపిస్కోపల్ చర్చి ఆఫీసులో చేరారు. ఫోన్లు ఎత్తడానికి మూడు నెలల తాత్కాలిక ఉద్యోగం. ఈ మే నెలాఖరున ఆవిడ పదవీ విరమణ చేస్తున్నారు. ఆవిడ పక్క టేబుల్ దగ్గర పదకొండేళ్లు పనిచేసినవాడిగా ఈ వ్యాసం రాసే గౌరవం నాకు దక్కింది.

నర్సాపురంలో టీచరుగా చేసిన అనుభవంతో ఆవిడ ఏడాది తిరగకుండానే ఆఫీసు మొత్తాన్ని చేతిలోకి తీసుకున్నారు. 2009లో కార్ల కంపెనీలు వరసగా మనుషుల్ని తీసేస్తున్నప్పుడు, హాల్లో టేబుళ్లు వేయించి, ఉద్యోగం పోయినవాళ్లకు పొద్దుటినుంచి సాయంత్రందాకా రెజ్యూమెలు టైప్ చేసి పెట్టారు. వచ్చినవాళ్లది ఏ మతమని అడగలేదు. 2020లో తలుపులు మూసినప్పుడు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లందరికీ రోజూ ఫోన్ చేశారు. మన గేటు ముందు 'అందరికీ స్వాగతం' అని ఇంగ్లీషులో, తెలుగులో బోర్డు ఉంది. బోర్డు పెట్టింది చర్చి కమిటీ. దాన్ని నిజం చేసింది ఆవిడ.

ఇక రెండేళ్ల కిందటి సంగతి. "పాత గొడవ, తీసెయ్యండి సార్" అని ఈ వీడ్కోలు సంచిక వేస్తున్న సావనీరు కమిటీ రెండుసార్లు అడిగింది. తీయను. అది లేకుండా ఈవిడ గురించి రాయడమంటే అబద్ధం రాయడం.

మన తెలుగు కుటుంబాలు ఇక్కడికి తెచ్చుకున్న ఆచారం ఒకటుంది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరాలుంటే చెప్పమని అడుగుతారు. మన చర్చిలోనే పెరిగిన ఇషా, తను ప్రేమించిన అమ్మాయి నైనికను పెళ్లి చేసుకోవాలనుకుంది. మన చర్చి అలాంటి పెళ్లిళ్లను ఏనాడో ఒప్పుకుంది. పెళ్లిని చర్చి కమిటీ కూడా కాదనలేదు. ప్రకటన మాత్రం వద్దంది.

"పెళ్లి చేసుకోనివ్వండి, హ్యాపీ. గట్టిగా చదవడం ఎందుకు? తెలుగు ఫ్యామిలీస్ ఫీల్ అవుతాయి" అన్నారు కమిటీ పెద్ద రఘువీర్ గారు.

ఆ సాయంత్రం ఇషా ఆఫీసుకొచ్చింది. "ఆంటీ, మా అక్కకి త్రీ వీక్స్ చదివారు కదా. నేను ఈ చర్చి పిల్లని కాదా?"

కరుణావతి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఆదివారం రా. ముందు వరుసలో కూర్చో" అన్నారు.

ఆదివారం ఆవిడే మైకు దగ్గరికి వెళ్లి ఇద్దరి పేర్లూ చదివారు. "న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉంటే ఇప్పుడే తెలపాలి. ఇది మొదటి ప్రకటన."

రఘువీర్ గారు లేచారు. "నాకు ఉందమ్మా అభ్యంతరం."

"చెప్పండి అన్నయ్యా. వీళ్లలో ఎవరికైనా ముందే పెళ్లయిందా?"

"అది కాదు..."

"దగ్గరి చుట్టాలా?"

"కాదమ్మా! రేపు మనవాళ్లకి ఏం చెప్పుకోవాలి?"

"దానికి ఈ కాగితంలో చోటు లేదు. కూర్చోండి."

ఇషా తల ఎత్తలేదు. దాదాపు నూట ఇరవైమందిమి ఉన్నాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. నేనూ నేల చూశాను. స్వాగతం అని బోర్డు రాసుకున్న మనం, మన కళ్లముందు పెరిగిన పిల్లని అలా ఒంటరిగా కూర్చోబెట్టాం. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అందులో సగం నామీదే.

రెండో ఆదివారం మళ్లీ చదివారు. ఎవరూ లేవలేదు. మూడో ఆదివారం, అప్పటిదాకా మొహం చాటేసిన ఇషా తల్లి విజయశ్రీ గారు వచ్చి వెనక కూర్చున్నారు. ప్రకటన పూర్తికాగానే లేచి నిలబడ్డారు. ఇషా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అభ్యంతరం కాదు" అన్నారు విజయశ్రీ గారు. "భోజనానికి ఎంతమంది వస్తారో చేతులెత్తండి. కేటరింగ్‌ వాళ్లకి చెప్పాలి."

చేతులు లేచాయి. ఈసారి నాదీ లేచింది. పెళ్లి మన చర్చి ప్రధాన బలిపీఠం ముందే జరిగింది.

కథ అక్కడితో అయిపోతే ఈ వ్యాసం తియ్యగా ఉండేది. మరుసటి నెలే కమిటీ తీర్మానం చేసింది: పెళ్లి ప్రకటనలు ఇకమీదట చదవరు, వెబ్‌సైట్‌లో పెడతారు. ఆరాధన సమయం పెరిగిపోతోందట! అర నిమిషం ప్రకటన. ఇషా లాంటి పిల్ల పేరు గట్టిగా వినబడకూడదని, అందరి పిల్లల పేర్లూ మింగేశారు. రఘువీర్ గారు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఆ తీర్మానం సిగ్గుచేటు.

కరుణావతి గారు రాజీనామా చేయలేదు, అలగలేదు. ప్రతి నెలా కమిటీకి అదే ఉత్తరం రాశారు: ప్రకటనలు మళ్లీ చదవాలి. ఇరవై రెండు ఉత్తరాలు. అన్నీ నేనే ఫైల్ చేశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

జూన్ నుంచి ఆవిడ మన ఉద్యోగి కారు, మనలాగే ఒక సభ్యురాలు. కమిటీ ఇక ఆవిడకు పని చెప్పడానికి లేదు, ఆవిడ నోరు మూయించడానికీ లేదు. కరుణావతి గారు ఆయురారోగ్యాలతో, పిల్లల మధ్య, మనవల మధ్య నిండుగా నూరేళ్లు జీవించాలి. ఆ నూరేళ్లూ, ప్రతి సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి, ప్రకటనలు మళ్లీ ఎప్పుడు చదువుతారని మనల్ని అడగగలిగేంత బలం ఆవిడ మోకాళ్లలో ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.