బయట నిలబడ్డ తల్లులు

పడకగదిలో ల్యాప్‌టాప్ ముందు కోడలు కూర్చుంది. ‘పసిపిల్లలు ఎందుకేడుస్తారు’ అని ఆమె పెట్టిన మొదటి వెబినార్, అంటే ఆన్‌లైన్ పాఠం, కాసేపట్లో మొదలు. పక్కన మంచం మీద భర్త అక్క, కోడలి పాపను ఒళ్ళో పెట్టుకుని ఫోను చూస్తోంది.

"వదినా, నా పోస్టర్ చుట్టాల గ్రూపులో పెట్టింది మీరేనా?"

"నేనే. పదో తరగతి గట్టెక్కని పిల్ల పాఠం చెబుతుందంటే చూడొద్దూ? నవ్వుకోడానికైనా వస్తారని పెట్టా. నేనూ చేరాను."

"వందమందికే చోటు వదినా. అంతా మనవాళ్ళే నిండిపోయారు. నేను బతిమాలి పిలుచుకున్న తల్లులు లోపలికి రాలేక మెసేజ్‌లు పెడుతున్నారు."

"గది నిండింది కదా, ఇంకేం ఏడుపు?"

"మనవాళ్ళని తీసేస్తాను."

"మా బాబాయిని గెంటేస్తావా? తీసెయ్యి చూద్దాం! ఈ ఇంట్లో తలెత్తుకు తిరగలేవు."

తెరమీద ఇంకో మెసేజ్ వచ్చింది. "అక్కా, మా బాబు ఏడుపు ఆపట్లేదు. నన్ను రానివ్వరా?"

కోడలు జాబితాలో ఒక పేరు మీద నొక్కింది. "ముందు ఎవర్ని తీశానో మీ ఫోన్లో చూసుకోండి."

"నన్నా! ఎంత పొగరే నీకు! అయితే నీ పిల్లని నువ్వే ఎత్తుకో. పాఠం ఎలా చెబుతావో నేనూ చూస్తా!"

వదిన పాపను ఆమె ఒళ్ళో కుదేసి, తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయింది. పాప గుక్కపట్టింది. కోడలు మిగతా చుట్టాలందర్నీ తీసేసి, తల్లుల్ని లోపలికి రానిచ్చి, కెమెరా ఆన్ చేసింది.

"నమస్కారమమ్మా. ఇది మా పాప. ఎందుకేడుస్తోందో అందరం కలిసి చూద్దాం రండి."