పందిళ్ళ వీధిలో బోణీ

అధ్యక్షస్థానంలో ఉన్న ప్లీడరు నరసింగరావుగారికి, పందిళ్ళ వీధి వర్తక సంఘం అధ్యక్షులు జగన్నాధంగారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న తల్లులకి, కుర్చీలు చాలక వెనక గోడలకి ఆనుకుని నిలబడ్డ వీధివాళ్ళందరికీ నా నమస్కారాలు.

మైకు ముందు నిలబడడం నాకిదే మొదలు. తడబడితే మన్నించాలి. నా వ్యాపారం మీకు తెలిసిందే, ఫొటోలకీ దేవుడి బొమ్మలకీ పటాలు కట్టడం. మా షాపులో మనిషి బొమ్మకి దండ పడిందంటే ఆ మనిషి లేడని లెక్క. అందుచేత ఇందాక జగన్నాధంగారు నా మెడలో దండ వేస్తుంటే ఒక్క క్షణం కంగారు పడి, నాకూ అద్దం బిగించి పటం కట్టేశారేమోనని చుట్టూ చూసుకున్నాను. (నవ్వులు)

నా పేరు శ్యామలాంబ అని ఈ సన్మానపత్రంలో చూసి కొందరు ఇదెవరమ్మా అనుకుని ఉంటారు. పటాలషాపు అమ్మగారంటేనే వీధిలో తెలుసు. మా నాన్నగారు శ్రీకూర్మంలో స్వామి సన్నిధిని సేవ చేసుకునేవారు. పెళ్ళి చేసి నన్ను విజయనగరం పంపిస్తే, మా వారు చంద్రశేఖరంగారు, ఇంట్లో పెద్దలకి ఇష్టం లేకపోయినా, ఈ వీధిలో షాపు పెట్టారు. దేవుడికి గుళ్ళో హారతి పట్టినా, బొమ్మకి అద్దం బిగించినా సేవే కదా అనేవారు ఆయన. పగలు ఆయన పటాలు కట్టేవారు, వెనక గదిలో నేను అద్దాలు తుడిచేదాన్ని. అలా తుడుస్తూనే పని పట్టుబడింది.

ఆ రోజుల్లో మన వీధి ఎలా ఉండేదో ఇక్కడున్న కుర్రవాళ్ళకి తెలియదు. ఎండలు ముదిరేసరికి వర్తకులందరూ కలిసి ఈ కొసనుంచి ఆ కొసదాకా తాటాకు పందిరి వేయించేవారు. పెళ్ళిబట్టలకనీ, వెండికనీ, ఇత్తడి సామానుకనీ బొబ్బిలి వైపునుంచీ రామతీర్థం వైపునుంచీ వచ్చినవాళ్ళు ఆ నీడన నిలబడి మజ్జిగ తాగి, ఒక షాపులో బేరమాడి ఇంకో షాపులో కొనేవారు. లోపల కూర్చుని వింటుంటే ఏ మాట ఎవరిదో తెలిసేది కాదు, అంతా కలిసి ఒకటే హోరు. ఆ హోరు వింటూ మధ్యాహ్నం పూట నిద్రపోవడం నాకు అలవాటు.

తరవాత బస్సుల స్టాండు రైలుకట్టకి అవతల పెట్టారు. అది ఎవరి తప్పూ కాదు. బస్సులు పెద్దవయ్యాయి, మన సందుల్లో తిరగలేవు. బస్సు దిగినవాడు అక్కడే కొనుక్కుని అక్కడే బస్సెక్కడం మొదలెట్టాడు. ముందు బట్టల షాపులు వెళ్ళాయి, వాటి వెనక వెండి షాపులు వెళ్ళాయి. ఎవరు వెళ్ళేటప్పుడైనా మా వారి దగ్గరకొచ్చి, మీరూ వచ్చెయ్యండి పంతులుగారూ అనేవారు. చూద్దాం అనేవారాయన. ఆ మరుసటి వానాకాలంలో పచ్చకామెర్లు వచ్చి ఆయన పోయారు.



మా మరిది వచ్చి, వదినా, సామాను సర్దుకో, నీకొక గది ఇస్తాం అన్నాడు. మంచిమాటే. కాని ఆ గదిలో నన్ను ఎవరూ ఏమీ అడగరని నాకు తెలుసు. షాపులో అయితే కనీసం, ఈ పటం ఎప్పటికి కడతారమ్మా అని ఒకరైనా అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఉండిపోయాను. పత్రంలో దాన్ని ధైర్యం అని రాశారు. చదువుతుంటే సిగ్గేసింది. వెధవరాలు బజారులో కూర్చుందని మావాళ్ళు నా గుమ్మం తొక్కడం మానేశారు. పెళ్ళి ఫొటోలకి పటాలు కట్టించుకునేవాళ్ళు తాము రాకుండా ఎవరిచేతనో పంపేవారు. పొద్దున్నే నా మొహం చూడడం ఎందుకని నేనే ఆలస్యంగా తలుపు తీసేదాన్ని.

అప్పటికి వీధిలో తెరిచిన షాపులు రెండే. నాదొకటి, ఎదురుగా లక్ష్మీనరసింహంగారి గొడుగుల షాపు ఒకటి. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. (ఆగి) లేరు. సరే.

ఆయనకి భార్య పోయింది, కూతురు బరంపురంలో ఉండేది. ఆయనా నేనూ మాట్లాడుకున్నది లేదు. మాట్లాడుకుంటే బాగుండదు కదా. కాని పొద్దున్న ఆయన తన షాపు తలుపు పలకలు తీసి, నేను నా షాపు తెరిచే దాకా అరుగు మీదే నిలబడి, తెరిచాక లోపలికి వెళ్ళేవారు. సాయంత్రం నేను ఆఖరి పలక బిగించే దాకా ఆయన షాపు మూసేవారు కాదు. ఒకసారి నాకు జ్వరం వచ్చి తలుపు తీయకపోతే, పక్క సందులోని మందులషాపు మనిషిని పంపించి కనుక్కున్నారు. ఏళ్ళ తరబడి మా పరిచయం అంతే. వీధిలో కుక్కలు తప్ప ఏమీ తిరగని మధ్యాహ్నాల్లో, ఆయన గొడుగు తెరిచి మూసిన చప్పుడు నాకు వినిపించేది, నేను మేకు కొట్టిన చప్పుడు ఆయనకి వినిపించేది.

ఒకనాడు పొద్దున్న ఆయన షాపు తెరవకుండా వీధి దాటి వచ్చారు. ఆయన నా గుమ్మం ముందుకు రావడం అదే మొదలు.

"చూపు సరిగా ఆనడం లేదమ్మా. అమ్మాయి రమ్మంటోంది, వెళ్ళిపోతున్నాను. మీరొక్కరే అయిపోతారు," అన్నారు.

 కూర్చోండి అని కూడా నేను అనలేదు. ఆయన కాసేపు గోడకున్న పటాలకేసి చూసి వెళ్ళిపోయారు. రెండు మూడేళ్ళ తరవాత ఆయన అల్లుడు బరంపురంనుంచి ఒక ఫొటో పట్టుకొచ్చాడు. పటం ఇక్కడే కట్టించాలని మామగారు చెప్పి పోయారండీ అన్నాడు. ఆ పటం నేను కట్టాను. వయసు మీద పడింది కాబట్టి ఈ మాట పదిమందిలో చెప్పగలుగుతున్నాను. మా వారిది కాక నేను ఏడుస్తూ కట్టిన పటం అదొక్కటే.

నరసింగరావుగారు గడియారం చూసుకుంటున్నారు. త్వరగా ముగిస్తానండీ. (నవ్వులు)

అరవై ఆరులో, తొలకరి రోజుల్లో, ఒక పొద్దున్న వాన జోరుగా పడుతుంటే కూరగంపలు నెత్తిన పెట్టుకుని కొందరు ఆడవాళ్ళు మూసి ఉన్న గొడుగుల షాపు అరుగు మీదికి ఎక్కారు. స్టాండు దగ్గర ఆశీలు వసూలు చేసే మనిషి వాళ్ళ గంపలు తన్నేసి, మీకిక్కడ చోటు లేదు పొమ్మన్నాడట. వాళ్ళకి పెద్ద దేముడమ్మ. ఆమె వీధి ఈ కొసా ఆ కొసా చూసి నన్ను అడిగింది.

"ఏటమ్మా, ఇంత ఈదుంది, మనుసులేరీ?"

ఉండేవారమ్మా అన్నాను. వాన తగ్గేదాకా ఉండమన్నాను. వాన తగ్గాక కూడా ఉండమన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చారు. వంకాయలూ, ఆనపకాయలూ, గోంగూరా. చుట్టుపక్కల సందుల్లో ఇళ్ళున్నాయి కదా, రైలుకట్ట దాటకుండా కూర దొరుకుతోందని ఆడవాళ్ళు సంచులు పట్టుకు రావడం మొదలెట్టారు.

నేను మాత్రం వాళ్ళ మొదటి బేరం అయ్యేదాకా పలకల వెనకే ఉండేదాన్ని. కష్టపడి మోసుకొచ్చిన సరుకు, పొద్దున్నే నా మొహం చూస్తే ఎలా అని. నాలుగు రోజులు పోయాక దేముడమ్మ పలకల సందులోంచి లోపలికి చూసింది.

"అక్కడేటి సేస్తన్నావు? బోణీ అయినాక గానీ బయటకి రావేటి? నాను సూడ్నేదనుకున్నావా?"

నేను కారణం చెప్పాను. ఆమె నవ్వలేదు, జాలిపడలేదు.

"మాలో సగంమందిమి మొగుళ్ళు పోయినోళ్ళమే గదమ్మా. మా మొకాలు మేవు సూసుకోకుండా గంపలెత్తుకోగలమేటి? రా, ఈయాల నువ్వే బోణీ సెయ్యి."

ఆ రోజు బోణీ నాది. గోంగూర కట్ట కొన్నాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది. అప్పటినుంచి పలకలు పెందలాడే తీస్తున్నాను. జరిగింది ఇదే. మిగతాదంతా మీ కళ్ళముందు జరిగింది. కూర కోసం వచ్చినవాళ్ళకి టీ కావలసి వచ్చింది, టీ దగ్గర ఆగినవాళ్ళకి దర్జీ కావలసి వచ్చాడు. మూసిన షాపులకి అద్దెకొచ్చేవాళ్ళు వచ్చారు. జగన్నాధంగారు రెడీమేడు బట్టల షాపు తెరిచి, దీపాలు పెట్టి, సంఘం పెట్టి, ఈ వేసవిలో మళ్ళీ పందిరి కూడా వేయించారు. ఆ పుణ్యం ఆయనదే, నేను కాదనను. కాని వీధికి ప్రాణం పోసిన మాతృమూర్తి అని మీరు పత్రంలో రాసిన మాట నాకు చెందదు. నేను అరుగు మీద ఉండమన్నానంతే. గంప దింపింది దేముడమ్మ.

ఇంకొక సంగతి చెప్పనా? వీధి నిండాక నేను సంతోషిస్తాననుకున్నాను. నిజంగా సంతోషించాను కూడా. కాని ఒక సాయంత్రం ఆఖరి పలక బిగించి అలవాటుగా ఎదటికి చూశాను. గొడుగుల షాపు ఇప్పుడు రేడియో షాపు. లోపల అంతా వెలుగు, మనుషులు, పాటలు. ఎవరూ ఇటు చూడలేదు. ఎందుకు చూడాలి? వాళ్ళ బేరాలు వాళ్ళవి. ఎవరి తప్పూ లేదు. వీధి పాడుబడి ఉన్నప్పుడు నేను తలుపు మూశానో లేదో చూసే మనిషి ఒకరుండేవారు. ఇంతమందిలో అలాంటివారు లేరు. అప్పుడు తోచింది, నేను ఎదురుచూసింది ఈ వీధి కోసం కాదేమోనని.

(మంచినీళ్ళు తాగి)

జగన్నాధంగారూ, మీరు నాకు కొడుకు వయసువారు. ఇప్పుడు చెప్పబోయే మాటకి కోపం తెచ్చుకోకండి. గంపలు అడ్డంగా ఉంటే షాపుల్లోకి బేరాలు రావడం లేదని, సోమవారంనుంచి కూరవాళ్ళని మురుగుకాలవ వెనక ఖాళీ స్థలానికి వెళ్ళమని సంఘం చెప్పిందట. మొన్న దేముడమ్మే వచ్చి చెప్పింది. తిట్టలేదు. ఇన్నాళ్ళూ కూకోనిచ్చినావు, ఎల్లొస్తామమ్మా అని చెప్పిపోదామని వచ్చింది, అంతే.

ఒకప్పుడు ఒకాయన అలాగే నా గుమ్మంలో నిలబడి చెప్పినప్పుడు నాకు నోరు రాలేదు. ఈసారి వచ్చింది. కూర్చో అన్నాను.

నాకు కళ్ళు మసకబారాయి, అద్దం కోస్తే వేలు తెగుతోంది. షాపు మానేస్తున్నానని తెలిసినప్పటినుంచి మీలో చాలామంది అద్దెకి అడిగారు. మంచివాళ్ళే అందరూ. ఎవరికీ జవాబు చెప్పకుండా ఈ సభ దాకా నానబెట్టినందుకు క్షమించండి. షాపూ దాని అరుగూ మా వారు నాకు విడిచి వెళ్ళినవి. వాటిని దేముడమ్మకీ ఆమెతోటివాళ్ళకీ ఇచ్చాను. నరసింగరావుగారే కాగితం రాసిపెట్టారు, అందుకే ఆయన అన్నీ తెలిసి కూడా ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. (నవ్వులు, కొన్ని చప్పట్లు) సోమవారంనుంచి వాళ్ళు వీధికి అడ్డం ఉండరు జగన్నాధంగారూ, తమ షాపులో తాము కూర్చుంటారు. వీలైతే మొదటి రోజు మీరు వచ్చి ఏదైనా కొనండి. మీరు సంఘానికి పెద్ద. మీరొస్తే మిగతావాళ్ళూ వస్తారు.

దేముడమ్మని ఈ సభకి రమ్మన్నాను. రాలేదు. రేపటికి కూర కొయ్యాలంది. వచ్చి ఉంటే ఈ శాలువా ఆమెకే కప్పేదాన్ని. వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇస్తాను, మీరు ఏమీ అనుకోకండి.

కాగితం మీద వేలిముద్ర వేశాక ఆమె నన్ను ఒక మాట అడిగింది. "మరి నువ్వెక్కడుంటావమ్మా?" వెనక గదిలో అన్నాను. ఆమె ఆలోచనలో పడింది. "కోడి కుయ్యకముందే వస్తాం. గోల సేస్తాం, దెబ్బలాడుకుంటాం. నీకు నిద్దరుండదు. ఓరుస్తావా?"

ఓరుస్తాను అన్నాను.

నన్ను పిలిచి పెద్దచేసిన అందరికీ కృతజ్ఞతలు. ఇంక నాకు సెలవు.