జబ్బున్నట్టు రాసీ తల్లీ

హౌరా టికియాపారా రైలు క్వార్టర్ల కాడ రగతం పరీచ్చల కేంపు. మల్లేశు తాత, చీటీలిచ్చే చిన్మయి. ఇంకెవులూ లేరు.

"లేదంటే లేదా? మల్లీ సూడు తల్లీ."

"రెండుసార్లు చూశాను తాతగారూ. మీ రక్తంలో ఆ సికిల్ సెల్ జబ్బు గుణం లేదు. సంతోషించాలి కదా?"

"సంతోసమే... సంతోసమే. ఉన్నట్టు రాసీ మరి."

"ఏంటి?"

"ఉన్నట్టే. నీ పెన్నుకేటి బరువు?"

"లేని జబ్బు ఎలా రాస్తాను? అసలెందుకు?"

"మొన్న వాడలో మీటింగెట్టి నువ్వే సెప్పినావు. మా తాతలు మలేరియా అడవుల్లో బతికినారు, ఈ గుణం సగం ఉన్నోడిని మలేరియా సంపలేకపోనాది, ఆల పిల్లల పిల్లలకి ఇప్పటికీ వస్తన్నాదీ అని."

"చెప్పాను."

"అంటే మా తాతల్ని దోమలు ఏరినాయన్నమాట. దోమలేరినోలే మనోలు. చీటీలో ఉంటే మనోడు, నేకపోతే పైవోడు. వాడంతా అలగే అనుకుంటన్నారు."

"నేను అలా అనలేదు తాతగారూ. అన్నాచెల్లెళ్ళలోనే ఒకరికి ఉండి ఒకరికి లేకపోవచ్చు."

"నీకు తెలుసు. ప్రవీణ్‌కుమారుకి తెల్దు."

"ఆయనెవరు?"

"మా చెల్లి జగ్గమ్మ కొడుకు. ఆడి కొడుకు రాజాకి నా మనవరాలు సువర్ణనిస్తన్నాం. మేనరికం. ఆడు గుణముందన్న తన చీటీకి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కనెట్టినాడు. జాతకాలొద్దు, రెండేపుల పెద్దోల చీటీలూ కలిస్తేనే లగ్గం అంటన్నాడు."

"కలవాలా? ఇద్దరికీ ఉంటే పెళ్ళే వద్దని కదా మొత్తుకున్నాను. పుట్టే పిల్లలకి ప్రమాదమని."

"ఒకలికుంటే మంచిది, ఇద్దరికుంటే మరీ మంచిదనుకున్నారు."

"తాతగారూ, మీ భయం చీటీ గురించి కాదు."

"కాదు... లెబు చా, నిమ్మకాయ టీ, తాగుతావా?"

"తాతగారూ."

"మల్లేశని ఒకడుండేవోడు. రైల్లో ఖలాసీ పని కాయితం ఆడికొచ్చినాది. బండెక్కేలోపే పాము కరిచి పోనాడు. కాయితం పాడైపోద్దని ఆడి ఇంటోలు నన్ను మల్లేశుని చేసి హౌరా బండెక్కించీసినారు."

"మరి జగ్గమ్మగారు?"

"ఆ మల్లేశు చెల్లి. అప్పుడది చంకలో పిల్ల. ఎనిమిదేళ్ళొచ్చినాక నా కాడికంపినారు. అన్నా అని చెయ్యట్టుకున్నాది. అప్పట్నించీ ఏటా కాళీ పండగెల్లగానే నా నుదుట అన్నలకెట్టే ఫోటా బొట్టెడతాది. నాను నీ అన్నని కాదే అని ఏ నోటితో సెప్పను? లగ్గం ఆగిపోద్ది. చెల్లీ పోద్ది."

"ఆవిడకి ఇప్పటికీ..."

"తెల్దు. ఆగు... మెట్ల మీద దాని గొంతే. నన్ను ఆ తెరెనకాల దాచీ తల్లీ, చీటీ అడుగుద్ది."

"జగ్గమ్మగారూ, ఒక్క నిమిషం, బయటే..."

"నిమసం లేదు దిదిమొణీ, మా అన్న వచ్చీసేలోపు ఇచ్చీ. నిన్న బతిమాలినట్టు జబ్బున్నట్టే రాసినావు కదా? అసలైన జగ్గమ్మ చిన్నప్పుడే జొరమొచ్చి పోనాదనీ, ఆ పేరెట్టి నన్నంపినారనీ తెలిస్తే ముసిలోడి గుండె ఆగిపోద్ది."