మోహన్‌రాజ్ గంటసేపు చూసి కొన్న వాచీ

తిరుత్తణి రైల్వే గేటు పక్కన సెల్వి టీకొట్టులో మోహన్‌రాజ్ కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు వెల్డరతను. ఎదురు బల్లమీద వెంగల్ నుంచి వచ్చిన సుదర్శనం. కూతురు జననిని ఇతనికి ఇవ్వొచ్చా లేదా అని చూసిపోవడానికి వచ్చిన మనిషి. టీ సగం తాగేశాడు, ఇంతవరకూ ఒక్కమాటా అడగలేదు. మోహన్‌రాజ్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు, దించాడు, మళ్ళీ మడిచాడు. మణికట్టు మీద కొత్త వాచీ తళతళలాడుతోంది. ఎవరూ చూడరే!

చివరికి సెల్వే అడిగింది. "ఏంది తమ్ముడూ, కొత్త వాచీనా?"

అంతే, గండి పడింది.

"సుమ్మా, ఊరికే కొనినాననుకుంటివా అక్కా? చెన్నైలో ఒక సందులో గంటసేపు నిలబడి చూసినాను. అన్నీ డూప్లికేట్లే. చేతిలో బరువు చూసినా, చెవి దగ్గర పెట్టుకొని విన్నా, అద్దంమీద నీళ్ళబొట్టు వేసినా. బొట్టు పరుచుకుంటే మామూలు అద్దం, ముత్యం మాదిరి నిలబడితే అసలుది. నలభై వాచీలు పక్కకు తోసేస్తి. అంగడాయన దండం పెట్టి, 'ఎవరు సామీ నువ్వు?' అని లోపల బీరువాలో నుంచి ఈ ఒరిజినల్ తీసిచ్చినాడు."

"నలభయ్యా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న ఆటో విమల్.

"లెక్కపెడితే నాలుగునూర్లుంటాయిలే."

సుదర్శనం గ్లాసు కింద పెట్టాడు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.  మోహన్‌రాజ్ లేచి నిలబడ్డాడు, రెండడుగులు అటూ ఇటూ వేశాడు, నోరు మాత్రం ఆగలేదు.

"ఆపైన వినండి. రేవులో పని చేస్తావుంటే ఇది జారి సముద్రంలో పడిపోయె. నాలుగోదినం వంజరం చేపను కోస్తే కడుపులో టిక్కుటిక్కుమంటా ఉండాది! ఒక్క సెకండు తప్పలే. అప్పుడేమైందంటారు? కొరియా ఓడ కెప్టెను పరిగెత్తుకోనొచ్చి, వాళ్ళ ఓడలో గడియారాలన్నీ నా టైముకి తిప్పుకొనిపోయినాడు. ఇప్పుడు సింగపూరు రేవోళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి నన్నే టైము అడుగుతారు!"

"ఆ చేప ఏమైంది?" అంది సెల్వి.

"కూర వండినాం. సరిగ్గా పది నిమిషాలకి ఉడికె."

"ఇట్టాంటిది నాకూ ఒకటి దొరుకుతుందా అన్నా?"

"యాడ దొరుకుతుంది విమల్? ఒక్కటే చేసి అచ్చు పగలగొట్టేసినారు. వెనక నంబరు చూడు. లోకంలో ఇంకో వాచీకి ఈ నంబరుంటే నా పేరు మార్చుకుంటా!"

సుదర్శనం చెయ్యి చాపాడు. వాచీ తీసుకొని కళ్ళ దగ్గర పెట్టుకొని చూశాడు. తర్వాత తన చేతి వాచీ కూడా విప్పి, రెంటినీ పక్కపక్కనే బల్లమీద బోర్లించాడు.

విమల్ వంగి ఒక నంబరు చదివాడు. "నాలుగు, ఏడు, ఒకటి, తొమ్మిది, రెండు." రెండోది చదివాడు. అదే.

"తిరువళ్ళూరు బస్టాండులో నా బిడ్డ మొదటి జీతంతో కొనిచ్చింది," అన్నాడు సుదర్శనం. "ఆరునూర్లు. డూప్లికేటని చెప్పే ఇచ్చింది. నీదెంత నాయనా?"

చేప, కెప్టెను, సింగపూరు అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నిటినీ మింగేశాడు. మోహన్‌రాజ్ మెల్లగా బల్లమీద కూలబడ్డాడు.

"ఎనిమిదివేలు మామా. ఫస్ట్ కాపీ, అచ్చం అసలుదాని మాదిరే ఉండే డూప్లికేటన్నాడు."

సెల్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గంటసేపు చూసినానంటివే?" అన్నాడు సుదర్శనం.

"అదొక్కటీ నిజమే మామా."

సుదర్శనం భుజాలు కదిలాయి, ఆపైన కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తన వాచీ కట్టుకొని, మోహన్‌రాజ్‌ది అతని చేతికి తనే కట్టాడు.

"మంచిరోజు చూపిస్తాను," అన్నాడు లేస్తూ. "ఒక్కమాట. పెళ్ళైనాక అంగడికి జనని పోతుంది. నువ్వు సంచి పట్టుకొని ఎనకాల నడువు."