పాఠం చెప్పనీకి పోయిన ముషర్రఫ్ భాయ్

ఏం కాయితం అనుపమా అది? బయటి దేశం యూనివర్సిటీల ఆర్నెల్లు సదువుడా? అరె, మన అమీర్‌పేట కెల్లి ఇరవై ఏండ్ల కిందనే ఒకాయన గట్ల పోయిండు. సదువుకోనీకి కాదు, సదువు చెప్పనీకి! నవ్వకు, నిజం. ముషర్రఫ్ భాయ్ అని, దర్జీ. బల్కంపేట రోడ్డుల నా ఇస్త్రీ దుకాణం పక్కనే ఆయన మిషన్. ఏడో తరగతిల్నే బడి బంద్ పెట్టిండు. గప్పుడు హంగేరీ కెల్లి ఎస్తర్ మేడమ్ అని ఒకామె మన యూనివర్సిటీకొచ్చింది. అక్కడ తెలుగు చెప్తదట. పుస్తకం తెలుగు మస్తుగొస్తది, కానీ ఆటోవాలా మాట సమజైతలేదు పాపం. సల్వార్ కుట్టించుకోనీకొచ్చి ఈయన మాట ఇన్నది. ఇగ రోజూ స్టూలేసుకొని కూసునుడే. "భాయ్, జర్రంత అంటే ఎంత?" అని అడిగేది. ఈయన రెండు వేళ్ల సందు చూపెట్టి, "ఇంత. కోపంల ఉంటే ఇంకా తక్వ" అనేటోడు. ఆమె గది సుత రాసుకునేది!

పోయేటప్పుడు, "నేనొచ్చిన కదా, బదులు ఇక్కడి సార్ మా దగ్గరికి రావాలె. నాకు ఈయనే కావాలె" అన్నది. ఇక్కడి పెద్ద సార్లు గరమైండ్రు. "డిగ్రీ లేనోన్ని ఎట్ల పంపుతం మేడమ్?" "నాకు నేర్పింది ఈయనే సార్" అని ఆమె పట్టువట్టింది. ఐదు నెల్లు కాయితాలు తిరిగినంక ఆఖరికి సరే అన్నరు. ఆయన భార్య షహజాది వదినె అయితే, "క్యా జీ, కుట్టనీకి పిలుస్తుండ్రో, చెప్పనీకి పిలుస్తుండ్రో, జర మంచిగ అడుగుండ్రి" అని ఒకటే లొల్లి. పోయే ముంగట రోజు ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు. "అన్నా, మన తెలుగు తప్పంటరు కదా అందరు. తప్పే నేర్పొస్తనా?" నా తెలుగు సుత గదే!

అక్కడ మొదటి రోజు పన్నెండు మంది పోరగాండ్లు. ఒక పిల్ల కోటుకు గుండీ ఏలాడుతుంటే, "గుండీ ఊడుతుంది బేటా, ఇటు తే" అన్నడు. వాళ్లు బొత్తామని సదువుకున్నరు, గుండీ అంటే తెల్వదు. "గుండీ అంటే?" అని ఒకడు, "ఊడుడంటే?" అని ఇంకొకడు. ఈయన కుట్టుకుంట చెప్పిండు. గంటైనంక సుత ఎవ్వరు లేవలేదట. నాలుగు నెల్లు చెప్పొచ్చిండు. అప్పటికెల్లి పంజగుట్టల ఎవడన్న ఆయన మాటను ఎక్కిరిస్తే, "పరీక్ష పెడ్తా, రాస్తవా?" అనేటోడు.

ఆయన కాలం జేసి తొమ్మిదేండ్లైంది. పోయిన నెల నేను ఇస్త్రీ చేస్తున్న, ఎనక కెల్లి "ఏమన్నా, దుకాణం బంద్ పెట్టిండ్రేంది? చాచా యాడికి పోయిండు?" అని ఇనవడ్డది. గొంతు ఆడమనిషిది, మాట ఆయనది. గదే సాగదీసుడు, నడుమల గదే ఆగుడు. తిరిగి చూస్తే, ఆయన ఫోటోల చూపెట్టిన హంగేరీ పిల్లల్ల ఒకామె, ఇప్పుడు నలభై ఏండ్ల మనిషి, బ్యాగు తగిలించుకొని నిలవడ్డది. పోయిండు బిడ్డా అని చెప్పాలె. ఇస్త్రీ పెట్టె కింద అంగి మాడుతుంటే సుత తెల్వలే. "ఏదీ... ఇంకోపారి అడుగు బిడ్డా" అన్న.