కనకవ్వ కంటె ఒకటి ఎక్కువ

"లస్మవ్వా, గీ ఏడు నీ మంద ఎంత చేస్తవ్" అని ముందుగల నన్నే అడుగుతరేంది సారూ? కనకవ్వ ఏం రాయించిందో గది చెప్పుండ్రి, తర్వాత నాది చెప్త. ఉగాది పోంగనే మీ గ్రామసేవక్‌లు కాయితాలు పట్టుకొని ఇంటింటికి తిరుగుతరు. ఎన్ని గొర్లు చేస్తరు, ఎన్ని మేకలు చేస్తరని రాస్కుంటరు. మంచిదే. ఆమె ఇంటికి పోయే వచ్చిండ్రు గదా? మీ మీసానికి చల్ల ఇంకా అంటుకునే ఉన్నది.

చెప్పరా? పోనీయుండ్రి. ఆమె ఎన్ని రాయిస్తె నాకు ఒకటి ఎక్కువ రాయుండ్రి. నవ్వకుండ్రి సారూ! గా గొంగడి మీద కూసోండ్రి.

కనకవ్వ ఎవలో కాదు, నా యారాలే, మా మరిది పెండ్లాం. నాలుగేండ్ల కింద మా మామ మందను పంచిండు. పెద్ద కోడలివి, ముందుగల నువ్వే కోరుకో అన్నడు. రెండు పొట్టేలు పిల్లలున్నయి. ఒకటి నిగనిగలాడే నల్లది. ఇంకోటి బక్కది, నొసట తెల్లసుక్క. నొసట సుక్కున్నదాన్ని తెస్తె మంద నిలవదని మా అవ్వగారింట్ల అంటరు. నల్లదాన్ని నేను గుంజుకున్న. సుక్కదాన్ని కనకవ్వ కొంగుల సుట్టుకొని పోయింది. "నీ మందకు శని పట్టింది పో" అని నలుగురి ముంగట నవ్విన గూడ.

ఇప్పుడేమాయె? నాది తింటది, పండుకుంటది. గొర్ల దిక్కే సూడది. ఆమె దొడ్డి నిండ సుక్క పిల్లలే! ఎరువుకు చేన్ల మంద పెట్టుమని రైతులు ఆమె ఇంటికే వస్తరు. మా ఇంటి ముంగటికెళ్లే పోతరు సారూ, తల గూడ తిప్పరు. నా కడుపు మండదా? మీరే చెప్పుండ్రి.

సుక్క పొట్టేలును అడిగితె ఇయ్యదా అంటరా? ఎందుకియ్యది, ఇస్తది! "తీస్కపో అక్కా" అంటది. అదే నా బాధ. నవ్విన నోటితోని ఎట్ల అడగాలె?

కార్తీక పున్నానికి ఆమె గోదారి తానానికని ధర్మపురి పోయింది. "మూడొద్దులు మా మందను జర సూడు అక్కా" అని నాకే అప్పజెప్పింది. నాకే! సుక్క పొట్టేలు కడుపు కింద గొంగడి పేలిక కట్టి ఉన్నది. వానకాలం దాటినంక గట్ల కడతం సారూ, గొర్ల మీదికి పోకుండ. అప్పుడు సూడి కడితె నిండు ఎండకాలంల ఈనుతయి. గడ్డి ఉండది, తల్లికి పాలుండయి.

నాకు ఎరుక లేదా? మందలనే పుట్టిన, మందలనే పెరిగిన. అయినా పట్టపగలు, వాగుకాడ నీళ్లు తాపుకుంట, గా పేలిక ముడి ఇప్పిన. నా గొర్లు ఒట్టి కడుపులతోని ఉన్నయి, పొట్టేలును వాటి నడుమకు తోలిన. మూడో దినం మల్ల గట్లనే ముడేసిన. ఆమె గొర్లు అప్పటికే సూడివి, వాటికేం కాలె. మా ఆయనకు గూడ తెల్వది. కనకవ్వ వచ్చి నా చేతిల నర్సింహసామి పెసాదం పెట్టింది. తిన్న సారూ. కండ్లకద్దుకొని తిన్న.

గీ పొద్దుగాల మొదటిది ఈనింది. గీ ఎండల! ఇగో, గంపల సూడుండ్రి. తల్లి పొదుగు ఎండిపోయింది, పాల జాడ లేదు. అరిసి అరిసి దీని గొంతు పోయింది. ఇంకా పన్నెండు ఈనేటియి ఉన్నయి. గివి బతకాలంటె మేకపాలే పట్టాలె. పాలిచ్చే మేకలెవలకున్నయి? గా గోడవతల, కనకవ్వకు.

దీని నొసలు నల్లగెందుకున్నదంటరా? మసి. కుండ అడుగు గీకి నేనే పూసిన.

ఏం రాయాలె అంటరా? రాసినయన్ని కొట్టేయుండ్రి. లస్మవ్వ గీ ఏడు చేసేది ఒక్కటే అని రాయుండ్రి. గీ పిల్లను ఎత్తుకొని యారాలు గడప ఎక్కుడు, పేలిక ఇప్పింది నేనే అని చెప్పుడు. మసి తుడ్సే పోత. లేకుంటె పాలు పట్టేటప్పుడు ఆమె చేతికి అంటుతది.

ఇగో, తుడ్సిన. సూడుండ్రి.

సారూ, నిజం చెప్పుండ్రి. కనకవ్వ పిల్లల సుక్కల కంటె నా పిల్లది జర పెద్దగనే ఉన్నది గదా?