మూడో మెలిక

తలుపు అలా బార్లా తెరిచి పెట్టుకుని కూర్చుంటారటే ఎవరైనా? ముందు గడియ వెయ్యి. కిటికీ కూడా. ఉక్కపోస్తే పోయనీ! వీధి చివర తెల్ల కారుంది, చూశావా? పొద్దున మా ఫ్యాక్టరీ గేటు దగ్గరా అలాంటిదే ఉంది. ఏమో, తెల్లకార్లన్నీ ఒకలాగే ఉంటాయి. నా పిచ్చే కావచ్చు. అయినా వెయ్యి.

మీ ఆయనేడీ? కటింగ్ చేయించుకోడానికి వెళ్ళాడా? హమ్మయ్య. సైన్యం లారీ ఎన్నింటికి? నాలుగింటికా! అంటే గంట కూడా లేదన్నమాట. అతని సంచి ఇలా లాగు. యుద్ధానికి వెళ్ళే మనిషి సంచి అయితే ఏం, మీ అక్కనేగా, లాగవే.

ఇదిగో, ఇదే. నల్ల పట్టీ, మధ్యలో పుల్ల. దేనికో తెలుసా? కాలికో చేతికో దెబ్బ తగిలి రక్తం ధారకడితే, దానికి పైన దీన్ని బిగించి ఈ పుల్ల మెలితిప్పాలి. రక్తం ఆగేదాకా తిప్పాలి. ఆగలేదా, నాలుగు నిమిషాల్లో మనిషి ఉండడు. ఇది మా ఫ్యాక్టరీదే. మా అక్క చెకింగ్‌లో ఉందని అందరికీ గొప్పగా చెప్పుకుంటావే, ఆ చెకింగ్ దీనికే.

చెకింగంటే ఏమనుకున్నావు? లాగి చూసే మిషను పాడై ఏడు నెలలైంది. పెట్టెకొకటి తీసి మా తొడకే కట్టుకుని తిప్పుతాం. చూడు, ఈ కమిలిన గీతలన్నీ అవే. మొహం తిప్పుకోకు, చూడమంటున్నా! యుద్ధం రాకముందు పుల్ల ఇనపది. నాలుగు మెలికలు తిప్పినా చెక్కుచెదిరేది కాదు. ఆర్డర్లు పెరిగాక మా ఓనరు పెద్దాయన ప్లాస్టిక్‌కి మార్చాడు. మూడో మెలికకి టప్పున విరుగుతుంది. రక్తం ఆగేదే మూడో మెలికకి.

చెప్పకేం, చెప్పాను. సూపర్‌వైజర్ నవ్వి, "రెండు తిప్పి ఊరుకోమ్మా, మూడోది ఎవడు తిప్పమన్నాడు నిన్ను?" అన్నాడు. మర్నాటికల్లా చెకింగ్ కాయితంలో "రెండు మెలికలు" అని అచ్చేయించేశారు. అంతే, సరుకంతా పాస్!

సైన్యం నుంచి ఫిర్యాదు రాలేదనుకున్నావా? వచ్చింది. మా ఆఫీసు గుమాస్తా చూశాడట. సైనికులు మొరటుగా తిప్పుతున్నారని మావాళ్ళు జవాబు రాశారు. పై నెలలో ఆర్డరు రెట్టింపైంది. సైన్యం తరఫున తనిఖీకొచ్చిన ఆఫీసరు ఇప్పుడెక్కడున్నాడో తెలుసా? మా ఫ్యాక్టరీలోనే ఉద్యోగం, అద్దాల గదిలో. రోజూ పొద్దున్నే వాడికి నమస్కారం పెడుతున్నా, నా ఖర్మ.

ప్యాకింగ్‌లో ఒకమ్మాయి ఈ సంగతి బయట నోరు జారింది. ఇద్దరు మనుషులొచ్చి, "మీ అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుందటగా?" అని అడిగి వెళ్ళిపోయారట. ఇంకేం అనలేదు. ఆ పిల్ల మళ్ళీ పనికి రాలేదే. అప్పట్నుంచి నాకు అన్నం సయించట్లేదు. ఎవరైనా "బాగున్నారా" అన్నా, ఎందుకడిగారా అని వెనక్కి తిరిగి చూసుకుంటున్నా.

ఇదిగో, పట్టుకో. ఇనప పుల్లది. ఎక్కడిదంటావా... మా మిషన్ల దగ్గర గోడకి మందుల పెట్టె ఉంటుంది, పనివాళ్ళకి దెబ్బలు తగిలితే వాడటానికి. దాన్లోంచి కొట్టుకొచ్చా. చూశావా వాళ్ళ తెలివి? ఆ పెట్టెలో మా కొత్త సరుకు ఒక్కటంటే ఒక్కటి పెట్టరు!

దీన్ని సంచిలో పెట్టి ఆ నల్లది నాకిచ్చెయ్. అతనికి మాత్రం చెప్పకు. వద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా, చెప్పకే! అతను ఊరుకునే రకమా? తిన్నగా వెళ్ళి పై ఆఫీసరుకి చెప్తాడు. ఆయన చెకింగ్ కాయితాలు తెప్పిస్తాడు. వాటి మీద పెద్దాయన సంతకం ఉంటుందనుకున్నావా? ఆ అద్దాల గది వాడిది ఉంటుందా? ప్రతి కాయితం మీదా నాదే. నన్ను లోపలేస్తారు. వాళ్ళు బోర్డు మార్చి పక్క వీధిలో షట్టరెత్తుకుంటారు.

మిగతావాళ్ళా? అతనితో వెళ్ళే ముప్పైమందా? నా దగ్గర ఒక్కటే ఉందే. ఏం చెయ్యమంటావు, ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టనా? నాకంత ధైర్యం లేదే తల్లీ. అతనిది అతనికి సరిపోతుంది. పక్కవాడికి తగిలితే అంటావా... అది నన్నడక్కు.

మెట్ల మీద చప్పుడు. అతనే. సంచి మూసెయ్. కళ్ళు తుడుచుకో. ఆ నల్లదిలా ఇవ్వు... ఇవ్వవే!

సంతకం ఎందుకు పెట్టావని అలా చూడకు. భయపడి పెట్టానని చెప్పుకుంటున్నా, నాకు నేను కూడా. అబద్ధం. ఈ మనుషులు, ఈ కార్లు, ఈ భయాలు, అన్నీ తర్వాతొచ్చాయి. ఆ రెండు మెలికల కాయితం మీద పెట్టిన మొదటిరోజు నన్నెవరూ బెదిరించలేదే. అయిదుంపావు బస్సు వెళ్ళిపోతుందని పెట్టేశాను.